మాల్దీవుల్లోని చిన్న దీవిలో తాగునీరు ఎలా? సముద్రమట్టం పెరుగుతుంటే పిల్లలతో అక్కడికి వెళ్లడం మంచిదేనా?

మీ భార్యకు ఉత్తర మాల్దీవుల్లో టీచరు ఉద్యోగం వచ్చిందనీ, జనవరిలో పిల్లలతో బయలుదేరుతున్నామనీ, ఫిల్టరు తీసుకెళ్లాలా, అసలు ఆ దీవులు మునిగిపోతాయంటున్నారు కదా అనీ అడిగారు. అలాంటి దీవిలోనే నేను 2011 నుంచి నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. ఊరంతా కలిపితే ఏడు వందల మంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పది నిమిషాల నడక.

చేరిన రెండో నెలలో ఒక ఆదివారం పెరట్లోని కుళాయి తిప్పి దుప్పట్లు ఉతకడం మొదలుపెట్టాను. ఇంటి యజమానురాలు వచ్చి మాట్లాడకుండా కుళాయి కట్టేసింది. అందరూ ఆమెను దత్త అంటారు, అంటే అక్క. నేను పారబోస్తున్నది ఇంటిల్లిపాదీ వేసవంతా తాగాల్సిన వాననీరు! ఉతకడానికి, స్నానానికి గిఫిలిలో బావి ఉంది. గిఫిలి అంటే పైకప్పు లేని స్నానాల గది, ఒక మూల బావి.

ఆ వాననీటి లెక్క తరవాత పిల్లలకు పాఠంగానే చెప్పాను. 2004 సునామీ తరవాత చాలా దీవుల్లో ఇంటింటికీ 2,500 లీటర్ల ట్యాంకులు ఇచ్చారు. అయిదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకుంటే 125 రోజులు వస్తాయి. ఇరువై అనే ఈశాన్య రుతుపవన కాలంలో, జనవరి నుంచి ఏప్రిల్ వరకు, దాదాపు 120 రోజులు వాన సరిగ్గా పడదు. అంటే తొలివాన రెండు వారాలు ఆలస్యమైతే ట్యాంకు అడుగు కనిపిస్తుంది. ఇంకో వైపు చూడండి. 50 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చేది కూడా 2,500 లీటర్లే. ఒక్క పెద్ద వానకు ట్యాంకు నిండిపోతుంది, మిగతాదంతా ఇసుకలోకి. ఏడాదికి సుమారు 1,900 మిల్లీమీటర్లు కురిసే దేశంలో ఏప్రిల్ వచ్చేసరికి పడవల మీద నీళ్లు తెప్పించుకోవలసి రావడానికి కారణం వాన తక్కువై కాదు, దాచుకునే చోటు లేక. చెరువు తవ్వుదామంటే ఉన్న నేలే గుప్పెడు.

ఇక బావి. నాకు ఎక్కువ నేర్పింది అదే. మాది చీరాల వైపు. ఇసుక నేలలో తాతయ్య దొరువులు తవ్వించి, అందులోకి దిగి కుండలు ముంచుకుని నారుమడికి పోసేవాడు. లోతుగా తవ్వితే ఉప్పునీరు తగులుతుందని దొరువు తవ్వే ప్రతి మనిషికీ తెలుసు. దీవి కింద కూడా అదే వ్యవహారం. ఇంకిన వాననీరు బరువైన సముద్రపు నీటి మీద కటకం ఆకారంలో తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అంగుళం మంచినీరుంటే కింద సుమారు 40 అంగుళాలు ఉంటుందని లెక్క. అందుకే పైన ఒక అంగుళం తోడేస్తే అడుగున ఉప్పు 40 అంగుళాలు ఎగబాకే ప్రమాదం ఉంటుంది.

ఇంత తెలిసినవాణ్ణి మూడో ఏట బావిలో మోటారు పెట్టించాను. మార్చికల్లా నీళ్లు ఉప్పగా మారాయి, సబ్బు నురగ రావడం మానేసింది. దత్త మోటారు తీయించేసి, అటక మీది ధానీ దింపింది. పొడవాటి కర్ర చివర డబ్బా, అంతే. దానితో పైపై నీళ్లు మాత్రమే వస్తాయి. తాతయ్య బతికి ఉంటే నన్ను చూసి నవ్వేవాడు. మరీ మోటారు కావాలంటే బాపట్ల పరిశోధకులు మెరుగుపరిచిన దొరువు పద్ధతి ఉంది: నీటిమట్టానికి కాస్త కింద అడ్డంగా గొట్టాలు పరిచి, నీటిని ఒక తొట్టిలోకి మెల్లగా రానిచ్చి, అక్కడి నుంచి తోడటం. పసిఫిక్‌లో కిరిబాటి దేశపు తరావాలో కూడా ఇలాంటి అడ్డగొట్టాల నుంచి మంచినీరు తోడతారు.

మునిగిపోవడం గురించి. ఆ దేశంలో 80 శాతానికి పైగా నేల సముద్రమట్టానికి మీటరు లోపే ఉంది, భయం అబద్ధం కాదు. అయితే నేల మునగడానికి చాలా ముందే బావి చెడుతుంది. ఉదా అని పిలిచే ఉప్పొంగు అలలు ఒక్కసారి ఊళ్లోకి వచ్చి వెళితే చాలు, ఉప్పు పై నుంచి దిగుతుంది. సునామీ తరవాత తమ పెరట్లో సీమపనస చెట్టు నిలువునా ఎండిపోయిందని దత్త చెప్పేది. సముద్రం పని సముద్రం చేస్తుంటే, మరుగుదొడ్ల గుంతలతో మనం కింది నుంచి చెరుపుతున్నాం. రాజధాని మాలేలో బావులు 1970లలోనే అలా పోయాయి. 1978లో కలరా వచ్చింది, 1988లో ఉప్పునీటిని మంచినీటిగా మార్చే మొదటి యంత్రం పెట్టారు.

ఆ యంత్రాలకు నేను వ్యతిరేకిని కాను. కానీ 2014 డిసెంబరు 4న మాలేలోని అలాంటి కర్మాగారంలో మంటలు లేచి లక్షమందికి పైగా నీళ్లు లేకుండా పోయారు. మన వాయుసేన విమానాల్లో సీసాలు వెళ్లాయి, ఐఎన్ఎస్ సుకన్య ఓడ అక్కడే నీళ్లు తయారుచేసి ఇచ్చింది. మాలేలోని నా స్నేహితుడు సీసాల కోసం వరసలో నిలబడి ఫోను చేస్తే, నేను మా ట్యాంకు నీళ్లతో టీ పెట్టుకుంటూ మాట్లాడాను. గొప్పగా అనిపించింది, వెంటనే సిగ్గేసింది కూడా.

ఇప్పుడు చాలా దీవుల్లో ఇంటికి మీటరుతో కుళాయి వచ్చింది. భారత్ ఇచ్చిన రుణంతో కట్టిన నీటి, మురుగు వ్యవస్థలను 2024లో 28 దీవుల్లో ప్రారంభించారు. మురుగు గొట్టాలు పడటమే నా దృష్టిలో పెద్ద మేలు, బావి కోలుకుంటుంది. కుళాయి వచ్చాక బావి పూడ్చి గచ్చు చేయించుకునే ఇళ్లు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఫిల్టరు మోయకండి. ఏ కుళాయి ఏ నీరో మొదటి రోజే అడగండి. బావి నీరు గుడ్డు వాసన వేస్తుంది, స్నానానికి రెండు వారాల్లో అలవాటవుతుంది. ట్యాంకు మూతకు, పొంగు గొట్టానికి వల ఉందో లేదో చూడండి, డెంగీ దోమలు అక్కడే పెరుగుతాయి. వాననీరు కాచి తాగించండి. మీరు చేరేది జనవరిలో, అంటే ట్యాంకు నిండి ఉండాల్సిన రోజుల్లో. అద్దెకు ఒప్పుకునే ముందు నిచ్చెన వేసుకుని మూత తీసి చూడండి, అంతకు ముందున్నవాళ్లు వాడేసి వెళ్లి ఉండవచ్చు.