క్యాన్సర్ తీశాక ముక్కు సర్జరీ: డబ్బు ఎక్కడి నుంచి తీయాలి?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. ముక్కు కొన మీద ఎంతకీ మానని పుండును పరీక్షిస్తే బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. మోస్ సర్జరీతో తీసేసి, తర్వాత నుదుటి చర్మంతో రెండు విడతల్లో ముక్కును సరిచేస్తామంటున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే ‘ప్లాస్టిక్ సర్జరీకి వర్తించదు’ అన్నారు. కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్, రిటైర్మెంట్ కోసం దాచిన నిధి ఉన్నాయి. ఇంట్లోవాళ్లేమో ‘ఈ వయసులో ముక్కు ఎలా ఉంటే ఏం, పుండు దానంతటదే మానుతుంది, డబ్బు దాచుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముక్కును సరిచేయడం మీ క్యాన్సర్ చికిత్సలో రెండో సగం. దానికి డబ్బు పెట్టాల్సిందే. మీ ఇంట్లోవాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. కంటి లోపలి మూల లాంటి గుంటగా ఉండే చోట్ల క్యాన్సర్ తీశాక మిగిలే గాయాన్ని ఒక్కోసారి డాక్టర్లే అలా వదిలేస్తారు, చక్కగా మానుతుంది. ముక్కు కొన, ముక్కుపుటం అంచు దగ్గర మాత్రం మచ్చ బిగుసుకుని పుటాన్ని పైకి లాగేస్తుంది, ఊపిరాడే దారి ఇరుకవుతుంది. అప్పుడు సరిచేయించుకోవాలంటే ముందు ఆ మచ్చను విడదీయాలి. పనీ పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది.

ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్‌లో చెప్పినదాన్ని చివరి మాటగా తీసుకోకండి. పాలసీ పత్రంలో ‘మినహాయింపులు’ పేజీ తీసి, ప్లాస్టిక్ సర్జరీ గురించిన వాక్యాన్ని చివరిదాకా చదవండి. చాలా పాలసీల్లో అందం కోసం చేయించుకునే సర్జరీని తోసిపుచ్చే ఆ వాక్యమే, క్యాన్సర్, ప్రమాదం, కాలిన గాయాల తర్వాత చేసే పునర్నిర్మాణానికి వీలిస్తుంది. మీ పాలసీలోనూ అలా ఉంటే ముందస్తు అనుమతికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. సర్జన్ లేఖలో బయాప్సీ ఫలితం, ఏ భాగం పోతుంది, సరిచేయకపోతే శ్వాసకు వచ్చే ఇబ్బంది, ఎన్ని విడతలు అన్నవి స్పష్టంగా ఉండాలి. రెండో విడతను కూడా ఇదే దరఖాస్తులో చూపించండి. లేకపోతే దాన్ని వేరే సర్జరీగా లెక్కగట్టి మళ్లీ మొదటికొస్తారు. ‘ప్రయోగాత్మక చికిత్స’ అని ఎవరైనా కొర్రీ వేస్తే బెంగపడకండి. నుదుటి చర్మంతో ముక్కు కట్టిన ఆపరేషన్ గురించి 1794లోనే లండన్ పత్రికలో వచ్చింది. అది చేసింది పుణే ప్రాంతంలో. సర్జన్లు ఈనాటికీ దీన్ని ‘ఇండియన్ పద్ధతి’ అంటారు.

ఇక అంచనా బిల్లు. మోస్‌లో పలచటి పొర తీయడం, దాని అంచులన్నీ మైక్రోస్కోప్ కింద చూడటం, క్యాన్సర్ కణాలు మిగిలితే అక్కడే మరో పొర తీయడం... అంచులు శుభ్రమని తేలేదాకా ఇలా సాగుతుంది. గాయం ఎంత పెద్దదో ఆ తర్వాతే తెలుస్తుంది. అందుకే ఆస్పత్రిని రెండు అంచనాలు అడగండి. గాయం చిన్నదైతే పక్క చర్మాన్ని జరపడంతోనో, చర్మం అతకడంతోనో సరిపోతుంది. పెద్దదైతే నుదుటి చర్మంతో పాటు ఆకారం నిలవడానికి చెవి నుంచి మృదులాస్థి కూడా తీయాల్సి రావచ్చు. డబ్బు పెద్ద అంచనాకు సిద్ధం చేసుకోండి. మోస్‌ను సాధారణంగా ఆ భాగానికే మత్తిచ్చి, అడ్మిట్ చేసుకోకుండానే చేస్తారు. కాబట్టి మీ పాలసీ డే కేర్ చికిత్సలకు వర్తిస్తుందో లేదో కూడా చూడండి.

బిల్లు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీ సంపాదన ఆగిపోయే రోజులు. నుదుటి నుంచి తిప్పిన చర్మానికి కొత్తచోట రక్తనాళాలు ఏర్పడేదాకా పాతచోటి నుంచే రక్తం అందాలి. అందుకని కనుబొమ దగ్గర నుంచి ముక్కు దాకా చర్మం వంతెనలా దాదాపు మూడు వారాలు అలాగే ఉంటుంది, తర్వాతే కత్తిరిస్తారు. ఆ వంతెన సరిగ్గా కళ్లజోడు ఆనే చోటు మీదుగా పోతుంది. జోడు పెట్టుకోకుండా మీరు సూదిలో దారం ఎక్కించలేరు కదా! మొదటి కొద్దిరోజులు కట్లు తడుస్తుంటాయి, గుడ్డల మీదికి వంగి కూర్చోవడమూ కుదరదు. రెండు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకోండి. తీసుకున్న ఆర్డర్లు ముందే పూర్తిచేసి, కొత్తవి ఒప్పుకోకండి.

ఈ డబ్బు ముందు సేవింగ్స్ ఖాతాలోంచి తీయండి. చాలకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్. గడువు దగ్గర్లో ఉంటే దాన్ని రద్దు చేసుకునే బదులు దాని మీద అప్పు తీసుకుంటే వడ్డీ నష్టం తగ్గవచ్చు, రెండూ లెక్క వేయించి చూడండి. పర్సనల్ లోన్ ఆ తర్వాతి మాట. రిటైర్మెంట్ నిధి జోలికి మాత్రం వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను. ఈ వయసులో అందులోంచి తీసింది మళ్లీ నింపడం చాలా కష్టం. బేసల్ సెల్ కార్సినోమా శరీరంలో మరో చోటికి పాకడం చాలా అరుదు. మీరు ఇంకా ఎన్నో ఏళ్లు ఆ నిధి మీద బతకాలి.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (పెద్ద జబ్బు తేలితే ఒకేసారి కొంత మొత్తం ఇచ్చేది) ఉంటే దాని మీద ఆశ పెట్టుకుని లెక్కలు వేయకండి. మెలనోమా అనే ప్రమాదకరమైన రకం కాని, మీది లాంటి చర్మ క్యాన్సర్లను చాలా పాలసీలు పక్కన పెట్టేస్తాయి. రెండు విడతల మధ్యలో పాలసీ ఏడాది మారుతుందేమో కూడా చూసుకోండి. మారితే, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు మీరే భరించాల్సిన మొత్తం) ఉన్న పాలసీలో ఆ మొత్తం రెండోసారి మీ జేబులోంచే పోవచ్చు. అలాగని క్యాలెండర్ కోసం సర్జరీని వాయిదా వేయకండి, తేదీ డాక్టర్‌దే.

కొన్ని నెలల తర్వాత మచ్చను సరిచేయడం, చర్మాన్ని పలచన చేయడం లాంటి చిన్న పనులు అవసరం కావచ్చు. వాటికి ఇన్సూరెన్స్ ఇస్తుందన్న భరోసా లేదు. అవి తొందర లేనివి కాబట్టి మళ్లీ ఆర్డర్లు మొదలయ్యాక నెలనెలా కొంత పక్కన పెడితే సరిపోతుంది. ఇంట్లో ఎవరికైనా పొగతాగే అలవాటుంటే మీ దగ్గర తాగొద్దని చెప్పండి. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, అతికిన చర్మం చచ్చిపోతే ఇదంతా మళ్లీ మొదలు. ఈ క్యాన్సర్ ఒకసారి వచ్చినవాళ్లకు మరోచోట కొత్తగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఏటా చర్మ పరీక్షకు కొంత డబ్బు ఉంచుకోండి, ఇప్పుడున్న పాలసీని ఒక్కరోజు కూడా ల్యాప్స్ కానివ్వకండి.