పత్రాల జాబితా పంపేముందు

నెల్లూరు

అమ్మాయ్,

ఫెలోషిప్ దరఖాస్తుకి నీ పరిశోధన పత్రాల జాబితా, సైటేషన్ల లెక్క (వాటిని ఇతర పత్రాల్లో ఎన్నిసార్లు ఉదహరించారన్నది) అడిగారని రాశావు. లెక్క తర్వాత వేద్దువుగాని, ముందు నీ పేరు సంగతి చూసుకో.

మన నెల్లూరోళ్లం ఇంటిపేరు ముందు పెట్టి, అసలు పేరు రాసి, చివర రెడ్డి తగిలిస్తాం. వైద్య పత్రాలు వెతికే పబ్‌మెడ్ సైటులో ఆ చివరి మాటే ఇంటిపేరైపోతుంది, మిగతావన్నీ పొడి అక్షరాలవుతాయి. ఒక పత్రంలో నువ్వు ‘రెడ్డి ఎస్’, ఇంకోదాంట్లో ‘రెడ్డి పీఎస్’. ‘రెడ్డి ఎస్’ అని కొట్టి చూడు, గుండె డాక్టర్ల దగ్గర్నుంచి పశువైద్యుల దాకా అందరూ వచ్చిపడతారు. పెళ్లయ్యాక పేరు మారిస్తే ఇంకో చీలిక. అందుకని ఏదో ఒక రూపం ఖాయం చేసుకుని ఇక దాన్ని కదిలించకు. ఏ పరిశోధకుడు ఎవరో గుర్తించే ఆర్కిడ్ అనే 16 అంకెల నంబరు ఉచితంగా ఇస్తారు, ఈ పూటే తీసుకో. పత్రం పత్రికకి పంపేటప్పుడే ఆ నంబరు ఇవ్వాలి. పాతవాటిని డీఓఐతో, అంటే ఒక్కో పత్రానికీ ఉండే శాశ్వత గుర్తింపు నంబరుతో, ఒక్కొక్కటే చేర్చుకో.

గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌తో ఇంకో చిక్కుంది. పేరు కలిస్తే చాలు, పరాయివాళ్ల పత్రాలు తెచ్చి నీ ఖాతాలో వేస్తుంది. సెట్టింగుల్లో ఆటోమేటిక్‌గా చేర్చడం ఆపేసి, ముందు ఈమెయిల్ పంపమని పెట్టు. ఇంటర్వ్యూలో పరాయి పత్రం నీ పేరున కనబడితే మెషీన్ తప్పని ఎవరూ అనుకోరు.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన కొలత ఇది: ఎన్ని పత్రాలకి కనీసం అన్నేసి సైటేషన్లు ఉన్నాయో ఆ అంకె. పత్రాలని సైటేషన్ల వరుసలో పేర్చు: 40, 22, 15, 9, 6, 5, 3. అయిదో పత్రానికి 6 ఉన్నాయి, సరిపోయింది. ఆరోదానికి 5 మాత్రమే, కాబట్టి నీ అంకె 5. ఆ 40 కాస్తా 400 అయినా అంకె 5 దగ్గరే ఉంటుంది, దాని బలహీనత అదే. స్కాలర్‌లో థీసిస్‌లు, ప్రీప్రింట్లు (పత్రికలో సమీక్ష కాకముందే నెట్‌లో పెట్టినవి) కూడా లెక్కకొస్తాయి గనక స్కోపస్ అనే డేటాబేస్ కంటే ఎక్కువ చూపిస్తుంది. ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన చూశావో అంకె పక్కనే రాయి. నీ పత్రాల్ని నువ్వే ఉదహరించుకున్నవి తీసేసి ఇంకో అంకె కూడా ఇవ్వు. తగ్గితే తగ్గనీ.

పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని, అంటే దాని పత్రాలకి సగటున వచ్చే సైటేషన్ల అంకెని, నీ గొప్పగా రాసుకోకు. ‘సీఏ’ అనే కేన్సర్ పత్రిక అంకె ఆకాశంలో ఉండటానికి ముఖ్య కారణం అందులో ఏటా వచ్చే కేన్సర్ గణాంకాల పత్రం, దాన్ని అందరూ ఉదహరిస్తారు. ఆ పత్రికలోనే వచ్చిన ఇంకో వ్యాసానికి ఆ ఘనత అంటదు.

దానికి బదులు ఒక్కో పత్రం కింద ఒకే వాక్యంలో నువ్వేం చేశావో రాయి: ఫ్లో సైటోమెట్రీ (లేజరుతో కణాల్ని ఒక్కొక్కటే కొలవడం) నీదా, రోగుల వివరాల సేకరణ నీదా, గణాంకాలు నీవా అని. మొదటి పేరు నీదైతే చెప్పు, ఇద్దరికీ సమాన వాటా ఉంటే అదీ చెప్పు. సమీక్షా వ్యాసాలు, సదస్సు సారాంశాలు, ప్రీప్రింట్లు విడివిడిగా పెట్టు. ఒకే పని సారాంశంగా ఒకసారి, పత్రంగా ఒకసారి లెక్కకొస్తే చూసేవాడికి అనుమానం వస్తుంది.

ప్రభావం సైటేషన్లకి అందనిది కూడా ఉంటుంది. మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావునే చూడు. 1925లో ఫిస్క్‌తో కలిసి రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి వాళ్లిద్దరి పేర్లతోనే ల్యాబుల్లో చలామణీ అయింది. 1948లో ఫార్బర్ అనే డాక్టరు పిల్లల లుకేమియాకి (రక్త కేన్సర్‌కి) అమినాప్టెరిన్ అనే మందు వాడిన పత్రంలో మాత్రం రచయితల వరుసలో ఆయన పేరు లేదు. ఆ మందు తయారైంది ఆయన బృందం చేతుల్లోనే. కాబట్టి నీ పద్ధతినో, నువ్విచ్చిన నమూనాలనో వేరేవాళ్లు వాడుకుంటే, వాళ్ల పత్రంలో కృతజ్ఞతల పేరా వెతికి ఆ డీఓఐ జాబితాలో చేర్చు.

ల్యాబులో పెంచే కణశ్రేణులతో చేసిన పనైతే, అవి ఎవరి కణాలో డీఎన్ఏతో తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష రిపోర్టు దగ్గర పెట్టుకో. ఫలానా కేన్సర్‌దనుకున్న శ్రేణిలో హీలా కణాలు (ల్యాబుల్లో జోరుగా పెరిగే గర్భాశయ ముఖద్వార కేన్సర్ కణాలు) కలిసిపోయి పత్రాలు పాడైన సందర్భాలు చాలా ఉన్నాయి. ప్రొటీన్లని గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష అసలు ఫోటోలు కత్తిరించకుండా దాచు. నువ్వు ఉదహరించిన పత్రాలు వెనక్కి తీసుకున్నవేమో రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో చూడు.

నమ్మదగిన పత్రికలంటూ యూజీసీ ఇచ్చిన కేర్ జాబితా 2025లో ఆపేశారు, అందులో ఉందని రాస్తే ఇప్పుడు చాలదు. పత్రిక పేరు ఉచితంగా చదవగలిగే పత్రికల జాబితా డీఓఏజేలోనో, వైద్య పత్రికల జాబితా మెడ్‌లైన్‌లోనో ఉందేమో చూసి రాయి. వారంలో అచ్చేస్తామని డబ్బడిగే వాళ్ల దగ్గర ఇప్పటికే ఒకటి వేయించి ఉంటే జాబితాలోంచి తీసేయకు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు.

ఆదివారం లోపల వర్డ్ ఫైల్ పంపు. పీడీఎఫ్ వద్దు, దిద్దడానికి కుదరదు.

మామయ్య