డాక్టర్ సలహా: నొప్పి లేని పుండుతో బార్సిలోనా బీచ్‌కు వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 61 సంవత్సరాలు. 14 ఏళ్లుగా షుగర్, 9 ఏళ్లుగా బీపీ ఉన్నాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్ర ఉదయం వేసుకుంటున్నాను. ఆగస్టు రెండో వారంలో మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లి, అక్కడి నుంచి అందరం 6 రోజులు బార్సిలోనాలో గడపాలనుకున్నాం. బస బార్సెలొనెటా బీచ్ పక్కనే. జెల్లీఫిష్ కుడితే ఏం చేయాలి? ఏ సన్‌స్క్రీన్ కొనాలి? విరేచనాలకు సిప్రోఫ్లాక్సాసిన్, మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ తీసుకెళ్తున్నాను. ఇంకేమైనా కావాలా? అన్నట్టు, కుడికాలి బొటనవేలి కింద ఆనెకాయ పగిలి 3 వారాలుగా చిన్న పుండు ఉంది. నొప్పి లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ 5 రోజులు వాడి, ఇప్పుడు పౌడర్ చల్లుతున్నాను. సముద్రపు ఉప్పునీటికి మానిపోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు చివర్లో ‘అన్నట్టు’ అంటూ రాసిన విషయంతోనే నేను మొదలుపెట్టాలి. 14 ఏళ్లుగా షుగర్ ఉన్నవారి అరికాల్లో 3 వారాలుగా మానని పుండు ఉండి, అది నొప్పి పెట్టడం లేదంటే, ధైర్యం తెచ్చుకోవలసిన సంగతి కాదు, పాదంలో స్పర్శ తగ్గిందేమోనని అనుమానించవలసిన సంగతి. మీ పాదాన్ని నేను చూడలేదు, రిపోర్టులు నా ముందు లేవు, కాబట్టి ఇక్కడ రాసేది సాధారణ సలహా మాత్రమే, మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు చెప్పేదే మీకు ప్రమాణం. అయితే ఆ డాక్టరు దగ్గరకు ఈ వారంలోనే, వీలైతే రేపే వెళ్లండి. చుట్టూ ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, జ్వరం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా కూడా ఆగకూడదు.

నడిచేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడే చోట చర్మం గట్టిపడి ఆనెకాయ అవుతుంది. స్పర్శ లేని పాదంలో ఆ గట్టి చర్మం కిందనే కణజాలం నలిగి పుండు పడుతుంది. పైకి శనగగింజంత కనిపించినా లోపల ఎముకదాకా వెళ్లి ఉండవచ్చు. అందుకే డాక్టరు గట్టిపడిన చర్మాన్ని చెక్కి తీసి, లోతు చూసి, 10 గ్రాముల ఒత్తిడినిచ్చే నైలాన్ దారంతో స్పర్శను పరీక్షించి, పాదంలో నాడి అందుతున్నదో లేదో చూస్తారు. ఎక్స్‌రే, గత 2-3 నెలల షుగర్ సగటును చూపే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు కూడా అడగవచ్చు.

మెడికల్ షాపులో తీసుకున్న యాంటీబయాటిక్ గురించి కొంచెం గట్టిగానే చెప్పవలసి ఉంది. మీరు దాని పేరు కూడా రాయలేదు, బహుశా మీకూ తెలియదేమో. పుండులో ఇన్ఫెక్షన్ లేకపోతే యాంటీబయాటిక్ దాన్ని మాన్పదు. ఇన్ఫెక్షన్ ఉంటే ఏ మందు, ఎన్నాళ్లు అన్నది పుండు లోతును బట్టి, అవసరమైతే ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే కల్చర్ పరీక్షను బట్టి నిర్ణయించాలి. కౌంటర్ అవతల నిలబడిన వ్యక్తి మీ చెప్పు విప్పి చూడలేదు కదా! పౌడర్ చల్లితే పుండు పైన పెచ్చు కట్టి, పొడిగా, మానినట్టే కనిపిస్తుంది, దాని కింద చీము చేరినా మీకు తెలియదు. ఇలా మానుతున్నదనే భ్రమలో వారాలు పోగొట్టుకుని వచ్చేవారిని నేను తరచూ చూస్తున్నాను. తొలి రోజుల్లో వస్తే కట్టుతో, ఒత్తిడి పడకుండా చేసే పాదరక్షతో నయమయ్యే పుండు, ఆలస్యమైతే వేలు తీసేయవలసిన స్థితికి చేరుకుంటుంది. దయచేసి పౌడర్ ఆపండి, శుభ్రమైన పొడి కట్టు కట్టుకుని, ఆ షాపు బిల్లునో మాత్రల ఖాళీ స్ట్రిప్‌నో డాక్టరుకు చూపించండి.

ఉప్పునీటికి పుండు మానుతుందన్న మాట నిజం కాదు. సముద్రపు నీరు శుభ్రం చేసిన సెలైన్ కాదు. వెచ్చని సముద్రజలాల్లో ఉండే విబ్రియో జాతి బ్యాక్టీరియా తెరిచి ఉన్న గాయం ద్వారా లోపలికి చేరవచ్చు, అరుదుగానే జరిగినా షుగర్, కాలేయ వ్యాధి ఉన్నవారిలో అది తీవ్రమవుతుంది. పుండు పూర్తిగా మానేవరకు సముద్రమూ వద్దు, హోటల్ ఈతకొలనూ వద్దు.

ఇసుక మరో ప్రమాదం. ఒకసారి వేసవిలో గుడికి వెళ్లి, ఎండకు కాగిన బండల మీద ప్రదక్షిణలు చేసి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చారు. రెండు అరికాళ్లూ బొబ్బలెక్కి చిట్లిపోయాయి. ఆయనకు ఆ సంగతి తెలిసింది ఇంటికి వచ్చాక, తెల్లటి టైల్స్ మీద తన అడుగుల తడి మరకలు చూసి. అంతవరకు ఆయనకు మంట కూడా తెలియలేదు. ఆగస్టు మధ్యాహ్నం మధ్యధరా తీరపు ఇసుక కూడా ఆ బండల్లాగే కాగుతుంది, గాలి 30 డిగ్రీలే ఉన్నా ఇసుక 50 డిగ్రీలు దాటవచ్చు. మీరు అక్కడ ఒక్క అడుగు కూడా ఉత్త కాళ్లతో వేయకూడదు, వేళ్ల మధ్య పట్టీ ఉండే హవాయి చెప్పులూ పనికిరావు.

నన్ను ఇసుక కంటే ఎక్కువగా కలవరపెడుతున్నది నడక. బార్సిలోనా కాలినడకన చూసే నగరం. 1992 ఒలింపిక్స్ కోసం తీర్చిదిద్దిన ఆ తీరం వెంట బార్సెలొనెటా నుంచి బోగతెల్ బీచ్ దాకా సరదాగా నడుస్తూ పోతారు, సగ్రాడా ఫమీలియా చర్చి దగ్గర చాలాసేపు నిలబడతారు, పార్క్ గ్వెల్‌కు ఎత్తు ఎక్కుతారు. బొటనవేలి కింద పుండు ఉన్న మనిషి వేసే ప్రతి అడుగూ ఆ పుండును మళ్లీ నలపడమే. ప్రయాణం కోసమని కొత్త బూట్లు కొని ఉంటే వాటిని ఇంట్లోనే ఉంచి, డాక్టరు సూచించిన పాదరక్షలే తీసుకెళ్లండి. రోజూ రాత్రి మీ శ్రీమతి గారినో అబ్బాయినో రెండు అరికాళ్లూ లైటు వేసి చూడమనండి.

ఇక మీ మందుల సంచి సంగతి. సిప్రోఫ్లాక్సాసిన్‌ను అందులోంచి తీసేయండి. గ్లిమెపిరైడ్ వాడేవారిలో అది షుగర్‌ను ప్రమాదకరంగా పడగొట్టగలదు. పైగా బార్సిలోనాలో కుళాయి నీరే తాగడానికి సురక్షితం. విరేచనాలైతే మొదట కావలసింది ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్‌ను ఒక లీటరు నీటిలోనే కలపాలి, గ్లాసుడు నీళ్లలో కాదు. వాంతులు, విరేచనాలు ఆగకపోతే మెట్‌ఫార్మిన్‌, బీపీ మాత్ర తాత్కాలికంగా ఆపాలా అన్నది మీ డాక్టరును బయలుదేరేముందే అడిగి రాసుకోండి. డైక్లోఫెనాక్ అసలు వద్దు. మీ బీపీ మాత్రలోని రెండు మందులకు అది తోడై, పైన ఎండకు చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే, కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినే అవకాశం ఉంది. మోకాళ్ల నొప్పికి మీ డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ సాధారణంగా మేలు.

ఇంకొక విషయం మీరు అడగలేదు. ఆగస్టు నడుమ అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి 8:30 దాటుతుంది, భోజనాలు 9 తర్వాతే. ఇంట్లో అలవాటు ప్రకారం 7:30కే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, రోజంతా తిరిగిన ఒంటితో తిండి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే షుగర్ పడిపోతుంది. మాత్రను గడియారాన్ని బట్టి కాక, పళ్లెం ముందుకు వచ్చాకే వేసుకోవడం మంచిది. మద్యం తీసుకుంటే ఈ ప్రమాదం పెరుగుతుంది. జేబులో గ్లూకోజ్ తప్పక ఉండాలి.

జెల్లీఫిష్ గురించి: కుడితే రుద్దకుండా, మంచినీళ్లు పోయకుండా, సముద్రపు నీటితోనే కడిగి లైఫ్‌గార్డుకు చూపించాలి. ఇది మీ కుటుంబానికి పనికొస్తుంది, మీరు నీళ్లలోకి దిగడం లేదు కనుక. సన్‌స్క్రీన్ ఏ కంపెనీదైనా ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా చూసుకుని, 2 గంటలకోసారి రాసుకోండి. హైడ్రోక్లోరోథయజైడ్ వల్ల మీ చర్మం ఎండకు త్వరగా కందుతుంది, కాబట్టి టోపీ, పొడుగు చేతుల చొక్కా కూడా అవసరం.

మందులన్నీ ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ ఉండాలి, అందులో షుగర్‌ను, ఈ పుండును దాచకుండా చెప్పండి. అత్యవసరమైతే అక్కడ 112కు ఫోన్ చేయాలి.

పాదం చూసిన డాక్టరు పుండు లోతుగా ఉందనో ఇన్ఫెక్షన్ ఉందనో ప్రయాణం వద్దంటే, టికెట్ డబ్బు గురించి ఆలోచించకుండా తేదీ మార్చుకోండి. పైపైనే ఉందని చెప్పి అనుమతిస్తే మ్యూనిక్ వెళ్లి అబ్బాయి ఇంట్లో విశ్రాంతిగా ఉండండి. బార్సిలోనా ప్రయాణాన్ని మాత్రం పుండు మానాకే పెట్టుకోమని నా సలహా.