ఓడ అధ్యాయం గురించి, నీకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీవు పంపిన నవలలో మొదటి ఆరు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. 1860లో మద్రాసులో ఓడ ఎక్కి, ఒప్పందపు కూలీలుగా దక్షిణ ఆఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు చేరిన ఒక తెలుగు కుటుంబాన్ని కథకు ఎంచుకోవడం నాకు నచ్చింది. 1860 నుంచి 1911 వరకు అలా అక్కడికి చేరిన 1,52,184 మంది భారతీయులలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారే. వారిలో తెలుగువారు చాలామంది. నీ నవల ఇంత పెద్ద కథను తలకెత్తుకుంది కనుకనే, ఓడ మీద నడిచే నాలుగో అధ్యాయం గురించి కొంత కటువుగా రాస్తున్నాను.

ఆ అధ్యాయంలో పన్నెండు పుటల్లో మూడు తుఫానులు, రెండు కొరడా దెబ్బల ఘట్టాలు, ఒక ఆత్మహత్య ఉన్నాయి. నీ కథలో ప్రయాణం మూడు నెలలు సాగింది. కానీ నీవు చెప్పిన ట్రూరో ఓడ అక్టోబరు రెండో వారంలో మద్రాసు విడిచి, 342 మందితో నవంబరు 16న డర్బన్ చేరింది. అంటే సుమారు ఐదు వారాలు. తెరచాప ఓడలకు మూడు నెలలు, అంతకు మించి పట్టినది కలకత్తా నుంచి కరీబియన్ దీవుల దారి. 1858లో ట్రినిడాడ్‌కు వెళ్ళిన సాల్సెట్ ఓడలో మూడో వంతుకు పైగా జనం దారిలోనే చనిపోయారు. నీవు అటువంటి ఓడల గురించి చదివి, ఆ దుఃఖాన్ని తెచ్చి ఈ ఓడకు తగిలించావని నా అనుమానం. ఎవరి ఓడ వారిది, ఎవరి చావు వారిది. ఒకరి కష్టం చాలలేదని ఇంకొకరిది అరువు తేకూడదు.

ఇక ఎక్కే ఘట్టం. నీ మనుషులు రేవు గట్టు మీద నుంచి నిచ్చెన పట్టుకుని నేరుగా ఓడలోకి నడిచారు. ఆనాటి మద్రాసుకు అటువంటి రేవే లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. మేకు ఒక్కటీ లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలలో జనాన్ని కెరటాల మీదుగా చేర్చేవారు. సముద్రాన్ని మొదటిసారి చూసిన మెట్టపల్లె ఆడమనిషి చంకలో బిడ్డతో ఆ కుట్టుపడవలో కూర్చుని, పలకల సందుల నుంచి ఊరే నీటిని చూస్తూ ఏమనుకుని ఉంటుంది? నీవు ఊహించి పెట్టిన మూడు తుఫానులూ కలిసినా ఆ పావుగంటకు సరిపోవు.

కింది అంతస్తు గురించి మాత్రం తొందరపడకుండా రాయి, ఎందుకంటే ప్రయాణమంతా అక్కడే ఉంది. ఆ కాలపు వలస నిబంధనలు పెద్ద మనిషికి 12 చదరపు అడుగుల నేల, 72 ఘనపుటడుగుల చోటు అని లెక్క కట్టాయి. నేను మా వరండాలో సుద్దముక్కతో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గీత గీసుకుని ఒక రాత్రి పడుకున్నాను. ఒత్తిగిలిన ప్రతిసారీ మోచెయ్యి గీత దాటింది. మా ఆవిడ నవ్వింది కానీ, నీవు కూడా ఒకసారి గీసి చూడు. ఆ గీతకు అటూ ఇటూ పరాయి మనుషులను, పక్కనే వాంతిని, గాలివానకు పైన మూతలు బిగించాక మిగిలిన చీకటిని చేర్చుకో. ఒంటరి మగవాళ్ళను ముందు భాగంలో, సంసారులను నడుమ, ఒంటరి ఆడవాళ్ళను వెనుక ఉంచడం ఈ ఓడల ఆనవాయితీ. ఈ లెక్కలో పిల్లలు అరమనుషులు. ఇద్దరు పిల్లలు కలిస్తే ఒక పెద్ద. ఈ ఒక్క సంగతి నీ అధ్యాయాన్ని మోయగలదు.

తిండి విషయంలో నీవు పాచిపోయిన రొట్టెలు పెట్టావు. అది ఐర్లండ్ నుంచి వలస వెళ్ళినవారి ఓడల కథల నుంచి వచ్చినట్టుంది. ఇక్కడ బియ్యం, పప్పు, నెయ్యి, ఉప్పుచేప, పసుపు, మిరపకాయ, చింతపండు కొలిచి ఇచ్చేవారు. వండేవాళ్ళను భండారీలనేవారు. సముద్రం పొంగి పొయ్యి వెలగని రోజున అటుకుల వంటి పొడి తిండి గతి. ఎవరు వండితే ఎవరు తింటారన్న పట్టింపు ఈ ఒక్క పొయ్యి దగ్గర ఎన్ని రోజులు నిలిచింది, ఎవరి ముఖంలో మొదట కరిగింది, ఎవరు ఆకలితోనే మొండికేసి పడుకున్నారు అనేది రాస్తే ఊళ్ళోని కులం మొత్తం ఆ ఓడ మీదకు వస్తుంది. ఉత్తరాది నుంచి వెళ్ళినవారు ఒకే ఓడలో వచ్చినవాళ్ళను జహాజీ భాయి అని పిలుచుకున్నారు. ఆ చుట్టరికం పుట్టినది ఇటువంటి ఇరుకులలోనే.

నీ డాక్టరు పాత్ర ఉత్త రాక్షసుడు. ఇటువంటి ఓడలలో డాక్టరుకు సజీవంగా దించిన తలకు ఇంత అని బహుమానం ముట్టే ఏర్పాటు ఉండేది. అంటే అతడు రాత్రిపూట జ్వరం వచ్చిన పిల్ల నాడి పట్టుకుని కూర్చున్నా, ఆ కూర్చోవడంలో దయ ఎంతో, రూపాయి ఎంతో అతడికే తెలియదు. అతణ్ణి ఈ సందిగ్ధంలోనే వదిలిపెట్టు.

ఓడ జాబితాలు చూశానన్నావు, సంతోషం. అయితే అవి ఎవరో చెప్పగా ఇంకెవరో తమకు వినబడినట్టు రాసుకున్న కాగితాలు. తెలుగు ఇంటిపేరు అందులో దొరకదు. తండ్రిపేరు దాని స్థానంలో కూర్చుంటుంది. ఆనాటి మద్రాసు ఇంగ్లీషులో తెలుగువాళ్ళను జెంటూలు అనేవారు కనుక, ఆ మాట కనిపిస్తే కులం పేరని పొరబడకు. నార్త్ ఆర్కాట్ జిల్లా అని ఉంటే తమిళ ఊరని తోసిపుచ్చకు. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు, అంతకు ముందు ఆ ప్రాంతంలో చాలా భాగం ఆ పేరు కిందే ఉండేది. ఒంటి మీది మచ్చల వివరాలు కనబడితే మాత్రం వదలకు. మనిషిని ఊరూ పేరూ కంటే ముందు మచ్చతో గుర్తుపట్టే ఒక రాజ్యం నీ కథలో ఉందని మరిచిపోకు.

దిగిన రోజున డర్బన్ ఒడ్డుకు తెల్లవాళ్ళు వేడుక చూడటానికి వచ్చారు. ఎండిపోయి, నిద్రమొహాలతో ఉన్న మనుషులు దిగుతారనుకున్నవాళ్ళు, రంగు బట్టలలో కళకళలాడే జనాన్ని చూసి విస్తుపోయారని అక్కడి పత్రిక రాసింది. నీ అధ్యాయం చివర అందరూ ఏడుస్తూ దిగుతారు. ఐదు వారాల తరువాత నేల తగిలిన మనిషి ముందు నవ్వుతాడేమో ఆలోచించు.

ఇంకొక్క సంగతి. మూడో అధ్యాయంలో తల్లి కొంగు పట్టుకుని, ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే డిపోకు వచ్చిన నాలుగేళ్ళ పాప ఐదో అధ్యాయం నుంచి కనబడలేదు. అటువంటి ప్రయాణాలలో ముందు పోయేది పసివాళ్ళే కనుక ఆమె పోయిందనుకోవాలో, నీవు మరిచిపోయావనుకోవాలో నాకు తెలియలేదు. ఆ అరమనిషి ఏమైందో నీవు తేల్చుకుని, నాలుగో అధ్యాయం మళ్ళీ రాసి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి