అరవై వేలు ఆగవచ్చు, ముందు ఒక కేబుల్ కొనండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఎనిమిదేళ్లుగా పియానో నేర్చుకుంటోంది. ఏబీఆర్‌ఎస్‌ఎం (లండన్‌కు చెందిన సంగీత పరీక్షల బోర్డు) ఐదో గ్రేడ్ పాసైంది. ఇంట్లో ఉన్నది యమహా పీ-45 డిజిటల్ పియానో. ఆరో గ్రేడ్‌కు వీడియో పంపాలని, ఫోనులో సరిగా రావడం లేదని, మైకులకూ కొత్త ల్యాప్‌టాప్‌కూ కలిపి అరవై వేలు కావాలని అడుగుతోంది. అంత ఖర్చు పెడితే ఈ రంగంలో భవిష్యత్తు ఉంటుందా? — ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. డబ్బు సంగతి తేలిక కాబట్టి ముందు అది చూద్దాం.

మైకులు కొనకండి. డిజిటల్ పియానోలో తీగలు ఉండవు. శబ్దం లోపలే విద్యుత్ సంకేతంగా తయారవుతుంది. దాన్ని స్పీకరు ద్వారా గదిలోకి వదిలి, మళ్లీ మైకుతో పట్టుకోవడం ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపినట్టే. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కేబుల్ తీసి, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్ అందుకునే రూపంలోకి మార్చే పెట్టె) మీదుగా ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు కలిపితే చాలు. రికార్డు చేయడానికి ఆడసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. కేబుల్ పెట్టగానే పియానో స్పీకర్లు ఆగిపోతాయి కాబట్టి అమ్మాయి ఇంటర్‌ఫేస్‌కు తగిలించిన హెడ్‌ఫోన్లలో వినాలి. ఇక అతి గట్టిగా వాయించే చోట కూడా తెర మీద శబ్దం స్థాయి చూపే మీటరు సున్నా డెసిబెల్‌ను తాకకూడదు, మైనస్ పది దగ్గర ఆగేలా చూసుకోవాలి. సున్నా దాటి తెగిన శబ్దాన్ని తర్వాత అతికించడం దాదాపు అసాధ్యం.

ఫోనులో ఎందుకు బాగా రావడం లేదో కూడా చెప్పాలి. చాలా ఫోన్లు మాటలు స్పష్టంగా వినిపించడానికి, మెల్లని శబ్దాన్ని వాటంతట అవే పెంచి, గట్టి శబ్దాన్ని తగ్గిస్తాయి. అమ్మాయి నెలల తరబడి సాధించిన మృదుత్వమూ, ఆ తర్వాత వచ్చే ఉధృతీ ఒకే ఎత్తున వినిపిస్తాయి. వాయిద్యం తప్పు కాదు, వేళ్ల తప్పు అంతకన్నా కాదు.

ఇప్పుడు అసలైన విషయం. పీ-45 వెనుక యూఎస్‌బీ టు హోస్ట్ అని రాసిన చదరపు రంధ్రం ఒకటి ఉంటుంది. ఈ మోడల్‌లో దాని గుండా శబ్దం రాదు, మిడి సమాచారం మాత్రమే వస్తుంది. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో ఏ మీట, ఏ క్షణాన, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ ఎప్పుడు తొక్కారు అన్నవే నమోదవుతాయి. బలానికి 1 నుంచి 127 వరకు అంకెలు. దానికి కావలసింది ప్రింటర్లకు వాడే మామూలు కేబులే. కంప్యూటర్ తెర మీద ఆ అంకెలు చూస్తే గురువు చెవి కూడా ఒక్కోసారి వదిలేసేవి బయటపడతాయి: బొటనవేలు పడిన ప్రతి స్వరం పక్కవాటికన్నా ఇరవై అంకెలు ఎక్కువ ఉండటం, ఎడమ చెయ్యి కుడి చేతిని మింగేయడం, కష్టమైన పంక్తికి ముందు వేగం పెరిగిపోవడం. నేనైతే మైకుల కన్నా ముందు ఈ కేబులే కొంటాను.

అందులో ఒక ప్రలోభమూ ఉంది. మిడిలో తప్పు స్వరాన్ని లాగి సరిచేయవచ్చు, తాళాన్ని ఒక్క నొక్కుతో తిన్నగా దిద్దవచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు అలా దిద్దిన రికార్డింగును ప్రవేశానికి పంపి, ఇంటర్వ్యూలో అదే కృతి వాయించమంటే పదో బారు (తాళంలో ఒక ఆవర్తం లాంటి చిన్న భాగం) దాటలేకపోయాడు. దిద్దిన ఫైలు సాధనకు ఉంచుకోవాలి, ఎవరికీ పంపకూడదు.

గ్రేడ్ పరీక్షకు దారి వేరు. ఏబీఆర్‌ఎస్‌ఎం పెర్ఫార్మెన్స్ గ్రేడ్‌లో నాలుగు కృతులను ఆపకుండా ఒకే వీడియోలో వాయించాలి, కత్తిరింపులు ఉండకూడదు. ఒక్కో కృతికి 30 మార్కులు, మొత్తం ప్రదర్శనకు మరో 30, కలిపి 150. పాసవడానికి 100 కావాలి. డిజిటల్ పియానో మీద ఇవ్వవచ్చు. దీనికి శబ్దాన్ని విడిగా తీసి వీడియోకు అతికించే పని పెట్టుకోకండి. స్పీకర్లు ఆన్‌లో ఉంచి, ఫోనును పక్కనుంచి చేతులూ ముఖమూ మీటలూ కనిపించేలా స్టాండు మీద పెట్టండి. ధ్వనిని తానే పెంచి తగ్గించే సదుపాయం ఆపగలిగే యాప్ వాడండి. ఫ్యాను ఆపండి. వంటింట్లో కుక్కరు లేని వేళ చూసుకోండి, మూడో కృతి మధ్యలో విజిల్ వస్తే మళ్లీ మొదటి నుంచి వాయించాలి. పియానోతో వచ్చిన చిన్న పెడల్ నున్నటి నేల మీద జారుతుంది, కింద రబ్బరు చాప వేయండి.

ఇక భవిష్యత్తు. వేదిక మీద పియానో వాయించి మాత్రమే బతకడం మన దగ్గర బహు కొద్దిమందికే సాధ్యం, ఆ మాట దాచను. దాని చుట్టూ ఉన్న పనులు మాత్రం తక్కువ కాదు. హైదరాబాద్, చెన్నై స్టూడియోల్లో కీబోర్డ్ ప్రోగ్రామర్లు రోజంతా చేసేది మిడి పనే. తంత్రీవాద్యాలు, బేస్, తాళవాద్యాలు కూడా కీబోర్డు మీదే పుట్టుకొస్తాయి. మీ అమ్మాయి ఇప్పుడు నేర్చుకునే కేబుల్ విద్య అక్కడ నేరుగా పనికొస్తుంది. చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ 2008లో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీలో పాశ్చాత్య సంగీతమూ, సంగీత సాంకేతికతా నేర్పుతారు. సినిమా విద్యాసంస్థలైన పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో సౌండ్ కోర్సులకు డిగ్రీతో పాటు ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండటం అర్హతగా అడుగుతూ వచ్చారు. కాబట్టి ఎంపీసీని శిక్షగా భావించవద్దని ఆమెకు చెప్పండి, మధ్యలో మార్చనివ్వకండి. సంగీతం నేర్పే వృత్తికైతే గ్రేడ్ సర్టిఫికెట్లే ముందుగా చూస్తారు.

అరవై వేల నిర్ణయం మూడు నెలలు ఆపండి. ఈలోగా ప్రతి ఆదివారం ఒక కృతి, ఒకే ప్రయత్నం, దిద్దుబాటు లేకుండా రికార్డు చేసి తేదీ పేరుతో దాచమనండి. ఆ రోజు వినవద్దు, బుధవారం వినాలి. వాయించిన వేడిలో వింటే అంతా బాగున్నట్టో, అంతా పాడైనట్టో అనిపిస్తుంది. పన్నెండు వారాలు ఎవరూ గుర్తు చేయకుండా చేస్తే మొదటి ఫైలు, చివరి ఫైలు నాకు పంపండి, ల్యాప్‌టాప్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం. నాలుగో వారానికే మానేస్తే అదీ రాయండి, కోపగించుకోను.

మరొకటి. ఆరో గ్రేడ్‌కు కూర్చోవాలంటే ఐదో గ్రేడ్ మ్యూజిక్ థియరీ లేదా దానికి సమానమైన అర్హత ఉండాలి. మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. అమ్మాయి అది రాసిందో లేదో ఈ రాత్రే అడగండి.