పాంగాంగ్ దగ్గర సూర్యోదయాన తూర్పుకు వీపు పెట్టి నిలబడండి

మీది గుంటూరు అని, సెప్టెంబరులో లద్దాఖ్‌లోని లేహ్ వెళ్తున్నారని, పాంగాంగ్ సరస్సు దగ్గర ఒక్క రాత్రే ఉంటారని రాశారు. తెల్లవారుజామున మంచి ఫోటోలు రావాలంటే కొత్త కెమెరా కొనాలా అని అడిగారు. కొనవద్దు. ఉన్నదానికి గట్టి ట్రైపాడ్ ఒకటి చూసుకుని, మిగిలిన డబ్బుతో అక్కడే రెండో రాత్రి ఉండండి. మబ్బు పట్టిన ఒక్క ఉదయం చాలు, అంత దూర ప్రయాణం వృథా కావడానికి.

మాది విజయవాడ. సూర్యోదయం అంటే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి తూర్పుకు చూడటమే అనుకుంటూ పెరిగినవాణ్ణి. పాంగాంగ్‌లోనూ ఆ అలవాటుతోనే తూర్పుకు తిరిగి నిలబడ్డాను. ఫోన్‌లో చూపించిన సమయం దాటి అరగంటైనా సూర్యుడి జాడ లేదు. ఆ లెక్క చదునైన నేలకు కట్టింది. ఎదురుగా కొండ ఉంటే సూర్యుడు దాన్ని ఎక్కి రావాలి కదా! వేళ్లు కొంకర్లు పోతుంటే టీ కోసమని వెనక్కి తిరిగాను. పడమటి శిఖరాలు అప్పటికే కుంకుమ రంగు దాటి పసుపులోకి వచ్చేశాయి. చూడవలసిందంతా నా వీపు వెనక జరిగిపోయింది.

అందుకే చెబుతున్నాను, పడమటికి చూడండి. సూర్యుడు రాకముందు అటు ఆకాశం అడుగున బూడిద నీలం పట్టీ ఒకటి కనిపిస్తుంది. అది భూమి నీడ. దాని పైన లేత గులాబీ రంగు ఉంటుంది. నీడ కిందికి జారుతున్న కొద్దీ ముందు శిఖరాల కొసలు అంటుకుంటాయి, తర్వాత వెలుగు మెల్లగా వాలు మీదుగా దిగుతుంది. మంచి రంగు ఉండేది కొద్ది నిమిషాలే. ఫోన్ చూపించే సూర్యోదయ సమయానికి కనీసం ముప్పావుగంట ముందు అక్కడ ఉండండి. గాలి సంగతి కూడా ఉంది. తెల్లవారుజామున సాధారణంగా నీళ్లు కదలవు. ఎండ పడి కొండవాలు వేడెక్కితే గాలి లేస్తుంది, నీళ్ల అద్దం చెదిరిపోతుంది.

చోటు మాత్రం చీకట్లో వెతకవద్దు. ముందు రోజు సాయంత్రమే తీరం వెంట నడిచి, మీకూ పడమటి కొండలకూ మధ్య నీళ్లు వచ్చే వంపు ఒకటి చూసుకోండి. ఒడ్డున నాలుగు రాళ్లుంటే మరీ మంచిది, ఫోటోలో దగ్గరగా కనిపించే ముందు భాగం ఏర్పడుతుంది.

సెట్టింగుల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు) 100, లెన్స్ రంధ్రం ఎఫ్11, మీట నొక్కినప్పటి కదలిక ఫోటోలో పడకుండా రెండు సెకన్ల టైమర్, తర్వాత రంగులు సవరించుకోవడానికి వీలైన రా (RAW) ఫైలు. వైట్ బ్యాలెన్స్‌ను, అంటే రంగులు సరిచూసే అమరికను, ఆటోలో వదిలితే కెమెరా ఆ గులాబీని లోపమనుకుని సరిదిద్దేస్తుంది. పగటి వెలుగుకు కట్టేయండి. నీళ్లలో ప్రతిబింబం ఎప్పుడూ అసలు కొండకన్నా కాస్త ముదురుగానే ఉంటుంది కాబట్టి, కెమెరాలో వెలుగు మోతాదు మార్చి మూడేసి ఫోటోలు తీసుకోండి. పోలరైజర్ ఫిల్టర్ తీసేయండి. అది తిప్పిన తీరును బట్టి, మీరు అంత దూరం వెళ్లింది దేనికో ఆ ప్రతిబింబాన్నే చెరిపేస్తుంది.

చలికి బ్యాటరీలు తొందరగా పడుకుంటాయి. అదనపువి చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచండి. గదిలోకి వచ్చే ముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి, లేకపోతే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. ఇక మీ ఒంటి సంగతి: లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు, సరస్సు 4,200 దాటుతుంది, మధ్యలో చాంగ్ లా కనుమ 5,000 పైనే. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి లేహ్‌లో రెండు రోజులు కదలకుండా పడుకోండి. తలనొప్పితో ట్రైపాడ్ కూడా సరిగా నిలబెట్టలేరు.

ఒక మాట ముందే చెప్పాలి. క్యాలెండర్లలో కనిపించే ఆ ముదురు నీలం సూర్యోదయానికి ఉండదు. అది పొద్దు బాగా ఎక్కాక వచ్చే రంగు. తెల్లవారుజామున నీళ్లు సీసం రంగులోనే ఉంటాయి, నాకైతే అదే ఇష్టం.

ఈలోగా సాధన కావాలంటే మీకు దగ్గర్లో కొండవీడు ఉంది. రెడ్డిరాజుల కోటలో, కొండ మీదే చెరువులున్నాయి.  విజయవాడ వస్తే పున్నమి ఘాట్‌లో నిలబడి, నది అవతల ఉండవల్లి కొండల వైపు తీయండి. కృష్ణకు వరద వచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో రావద్దు, నీళ్లు ఎర్రగా, వడిగా ఉంటాయి. మామూలు రోజుల్లోనైనా నాటు పడవ ఒకటి దాటిందంటే నీళ్లు మళ్లీ నిలవడానికి కాసేపు పడుతుంది. పడవవాణ్ణి విసుక్కోకండి. పాంగాంగ్‌లో ఆ పని బాతులు చేస్తాయి.