దేవుడి పటం సరే, ముందు ఫోన్ సంగతి చూసుకో

"అన్నా, వచ్చే నెల దుబాయ్ వస్తున్నాను. దేవుడి పటం తెచ్చుకోవచ్చా? రియాద్‌లో ఉన్న మా బావ వద్దంటున్నాడు."

తెచ్చుకో తమ్ముడూ. మీ బావ చెప్పింది ఆయన ఉండే చోటికి నిజం. గల్ఫ్ అంతా ఒకటే అనుకుంటేనే చిక్కు.

మీ బావ ఉండే సౌదీ రాజ్యం 1744లో సౌద్ కుటుంబానికీ, మతబోధకుడు ముహమ్మద్ బిన్ అబ్దుల్ వహాబ్‌కీ కుదిరిన ఒప్పందంతో మొదలైంది. 1986 నుంచి రాజుగారి బిరుదే ‘రెండు పవిత్ర మసీదుల సేవకుడు’. ఆయన పరువంతా మక్కా, మదీనాలతో ముడిపడి ఉంది. అందుకే అక్కడ గుడీ లేదు, చర్చీ లేదు. 2016లో మత పోలీసులకు అరెస్టు చేసే అధికారం తీసేశాక వీధుల్లో టెన్షన్ తగ్గింది. అయినా గదిలో తలుపేసుకుని దణ్ణం పెట్టుకోవడం వేరు, పదిమందిని పిలిచి భజన పెట్టడం వేరు. డ్రైవర్ పనికి వెళ్ళే మనవాళ్ళకు ఇంకో మాట: ముస్లిం కానివాళ్ళకు మక్కాలోకి ప్రవేశం లేదు. ఆ బోర్డులు హైవే మీదే కనిపిస్తాయి, చూసుకుని నడపాలి.

దుబాయ్, అబుదాబి, షార్జా ఉన్న మా ఎమిరేట్స్ (యూఏఈ) పాలకుల లెక్క వేరు. ఇక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటి దేశాలవాళ్ళే. వాళ్ళు నిమ్మళంగా ఉంటేనే వ్యాపారం సాగుతుంది. బర్ దుబాయ్‌లో 1958 నుంచే గుడి ఉండేది. 2022లో జెబెల్ అలీలో గురుద్వారా పక్కనే, చర్చిల దగ్గరే కొత్త గుడి తెరిచారు. 2019లో పోప్ ఫ్రాన్సిస్, ఈజిప్టులోని పేరున్న ఇస్లామిక్ విద్యాపీఠం అల్ అజ్హర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్ తయ్యిబ్ అబుదాబిలో కూర్చుని మానవ సోదరభావ పత్రం మీద సంతకాలు చేశారు. 2024 ఫిబ్రవరి 14న అక్కడే హిందూ రాతి మందిరం ప్రారంభమైంది. దానికి 27 ఎకరాలు ఇచ్చింది ఇప్పటి అబుదాబి పాలకుడు షేక్ మహమ్మద్ బిన్ జాయెద్.

స్థలం ఇచ్చింది పాలకుడు కాబట్టి హద్దు గీసేదీ ఆయనే. ఇది మనకే కాదు, ముస్లింలకూ అంతే. శుక్రవారం మసీదులో చదివే ఖుత్బా, అంటే మత ప్రసంగం, ప్రభుత్వ శాఖ నుంచే వస్తుంది. ఇమాం తన సొంత రాజకీయాలు మాట్లాడడానికి లేదు. కర్నూలు నుంచి వచ్చిన నా స్నేహితుడికి ఇది మొదట్లో వింతగా ఉండేది. మా ఊళ్ళో అయితే నమాజు తర్వాత గంటసేపు వాదన నడిచేది అంటాడు.

చందాల దగ్గర మనవాళ్ళు ఎక్కువగా దొరికిపోతారు. ఒక ఏడాది మా బిల్డింగ్‌లో ఒకాయన వినాయక చవితికి తలా యాభై దిర్హాములు అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పరుగెత్తుకెళ్ళి తీయించాను. లైసెన్సు లేకుండా విరాళాలు అడగడం ఇక్కడ నేరం, దేవుడి పేరు చెప్పినా సరే. చిన్న బొమ్మ పెట్టుకుని ఎవరింట్లో వాళ్ళు చేసుకుంటే ఏ గొడవా లేదు.

ఇక ఫోన్. ఊరి గ్రూపుల్లో మతం మీద వచ్చే వెటకారాలు ఇక్కడి నుంచి ఫార్వర్డ్ చేయకు. ఏ మతాన్ని కించపరిచినా జైలూ, భారీ జరిమానా. ఈ చట్టం 2015లోనే వచ్చింది, 2023లో మళ్ళీ కొత్తగా రాశారు. 2020లో ముస్లింల మీద పెట్టిన పోస్టుల వల్ల కొందరు భారతీయుల ఉద్యోగాలు పోయాయి. వివక్ష చట్టానికి విరుద్ధమని మన రాయబారే అప్పుడు హెచ్చరించాల్సి వచ్చింది. విమానం ఎక్కేముందే పాత పోస్టులు చూసుకో.

రంజాన్ నెలలో ప్రైవేటు ఉద్యోగులకు పని రెండు గంటలు తగ్గుతుంది, ఉపవాసం లేని నీకు కూడా. పగలు పదిమందిలో తినకు, తాగకు.

అన్నట్టు, అబుదాబి మందిరానికి సోమవారం వెళ్ళకు. శివుడి రోజు కదా అని నేను షార్జా నుంచి గంటన్నర కారు నడుపుకుని వెళ్ళాను. సోమవారం సెలవట! గేటుకే దణ్ణం పెట్టి వచ్చాను.